మార్తమ్మ చెక్కులు, మా బ్యాంకు కోతలు

బ్యాంకులో కొత్తగా చేరిన పిల్లలు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. "మల్లేశన్నా, ముప్పై ఒక్క ఏండ్లు ఒక్క బ్రాంచిల ఎట్ల చేసినవే?" అని అడుగుతారు. "కూసోకుంట చేసిన" అంటాను. నవ్వుతారు. నేను జోకు వేశాననుకుంటారు. నేను దఫ్తరీని. కాగితాలు మోసేవాణ్ణి, కుట్టేవాణ్ణి, అడిగిన పాత కాగితాన్ని గోదాము లాంటి రికార్డు గదిలోంచి వెతికి తెచ్చేవాణ్ణి. పటాన్‌చెరు బ్రాంచిలో నాకంటూ ఒక స్టూలు ఉండేది. దాని మీద ఎప్పుడూ ఫైళ్లే కూర్చునేవి.

ఈ పిల్లలకు నేను చెప్పదలుచుకున్నది ప్రమోషన్ పరీక్షల గురించి కాదు. వాటి సంగతి నాకు తెలియదు. ఏడో తరగతిలో నేను బడికో దండం పెట్టాను, బడి నాకు రెండు దండాలు పెట్టింది. చెప్పదలుచుకున్నది విదేశీ చెక్కుల గురించి.

"ఇప్పుడు చెక్కులెవరు రాస్తున్నరే, అన్నీ ఫోన్లనేనాయె" అంటారు. రాస్తున్నారు నాయనా. బయటి దేశాల పెన్షన్ ఆఫీసులు, ఇన్సూరెన్సు కంపెనీలు, పాత అలవాటు వదలని వ్యాపారులు ఇప్పటికీ చెక్కులు పంపుతూనే ఉన్నారు. అవి పెద్ద బంగళాలకే వస్తాయనుకోకండి. ఇస్నాపూర్ కిరాయి గదులకు కూడా వస్తాయి. ఎక్కువ నష్టపోయేది ఆ గదుల్లోవాళ్లే. ఎందుకంటే పెద్ద చెక్కుకైనా చిన్న చెక్కుకైనా కోత దాదాపు ఒకటే. పెద్ద చెక్కుకు అది గోరు తీసినట్టు. చిన్న చెక్కుకు చెయ్యి తీసినట్టు.

ముక్కు కుట్టిన చెక్కు

ముందు నా ఘనకార్యం చెప్పుకోవాలి.

నేను పర్మనెంటు అయిన కొత్తలో రోజూ సాయంత్రం ఆ రోజు వోచర్లన్నీ ఒక దొంతి పేర్చి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టడం నా పని. అందులో నాకు బాగా పొగరు. "కండ్లు మూసుకొని కుడ్త" అని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఒక రోజు నిజంగానే మూసుకున్నట్టున్నాను.

శంకరయ్య సేటు మార్కెట్లో పసుపు, మిర్చి వ్యాపారం చేసేవాడు. శాంపిల్ సరుకు తీసుకున్న విదేశీ వ్యాపారి ఒకాయన అతనికి చెక్కు పంపాడు. దాన్ని హైదరాబాదుకు పంపించాలి. ఎవరి బల్ల మీంచి జారిందో, ఎట్లా జారిందో, అది నా వోచర్ల దొంతిలోకి వచ్చింది. రెండు రోజులు బ్రాంచి అంతా వెతికింది. అందరికంటే హడావిడిగా వెతికింది నేనే. చివరికి కట్ట విప్పితే చెక్కు దొరికింది. దబ్బనం సరిగ్గా సంతకం మధ్యలోంచి దిగింది.

అప్పటి అకౌంటెంటు సుదర్శన్ సార్ ఆ రంధ్రాన్ని వేలితో నిమిరి, "పంపి చూద్దాం" అన్నారు. పంపారు. రెండు నెలలకు అది "చెక్కు చెడిపోయింది, చెల్లదు" అన్న చీటీతో తిరిగొచ్చింది. పోయినందుకు చార్జీ, వచ్చినందుకు చార్జీ, రెండూ సేటు ఖాతాలో పడ్డాయి.

సేటు నిండు కౌంటర్ల మధ్య నిలబడి నన్ను పిలిచాడు.

"ఏంరా మల్లేశం, నా చెక్కుకు ముక్కు కుట్టినవంట! కుట్టినోనివి ముక్కుపుల్ల గూడ పెట్టకపోయినవా, జెర అందంగ ఉంటుండె!"

"తప్పయింది సేటూ."

"తప్పు నీది, కోసింది నా పైసలు. గిదేం లెక్కరా?"

జనం నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. సుదర్శన్ సార్ మేనేజర్‌తో వాదించి మన బ్యాంకు వేసిన చార్జీ వాపసు చేయించారు. అవతలి దేశపు బ్యాంకు కోసుకున్నది మాత్రం పోయిందంటే పోయింది. ఆ వ్యాపారి ఇంకో చెక్కు రాశాడు కాబట్టి సేటు బతికిపోయాడు, సేటు బతికాడు కాబట్టి నేనూ బతికాను.

దారిలో గేట్లు

ఆ వారంలోనే సుదర్శన్ సార్ నన్ను కూర్చోబెట్టి విదేశీ చెక్కు ఎటు పోతుందో చెప్పారు. ఆయన చెప్పింది నేను నా భాషలో చెప్తాను.

ముత్తంగి నుంచి లారీ కదిలిందనుకోండి. దారిలో ప్రతి టోలు గేటు దగ్గరా ఆగి కట్టుకుంటూ పోవాలి. లారీలో ఇనుము ఉందా, ఉప్పు ఉందా అని గేటు చూడదు. విదేశీ చెక్కు కూడా అంతే. మన బ్రాంచి కమిషన్ ఒక గేటు. హైదరాబాదులోని విదేశీ డబ్బుల బ్రాంచి ఒక గేటు. కొరియర్ ఒక గేటు. అవతలి దేశంలో మనకోసం డబ్బు వసూలు చేసే బ్యాంకు ఇంకో గేటు. వీటి మీద పన్ను. చివరగా పౌండ్లో డాలర్లో రూపాయలు అయ్యేటప్పుడు కట్టే రేటు. అది గేటులా కనిపించదు గానీ అక్కడా తీసుకుంటారు. ఇన్ని దాటి వారాల తర్వాత డబ్బు వస్తే, పంపింది వేరు, చేరింది వేరు.

నేను ఎనిమిది మంది మేనేజర్ల కింద పనిచేశాను. అందరూ మర్యాదస్తులే. కానీ "ఎంత కోస్తారు సార్?" అని కస్టమర్ అడిగితే ఏడుగురు చెప్పిన జవాబు "రూల్ ప్రకారం." రూల్ ప్రకారం అనేది అంకె కాదు. అంకె చెప్పలేనివాడు ఆ చెక్కు చేతిలోకి తీసుకోకూడదు. కౌంటర్లో కూర్చునే పిల్లలకు నా మొదటి మాట ఇది. మన కోత ఎంతో కాగితం మీద రాసివ్వండి. అవతలి బ్యాంకు కోత ఎంతో తెలియకపోతే, తెలియదని అదే కాగితం మీద రాయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంకొకటి. కొన్నిసార్లు చెక్కు ఇంకా పాస్ కాకముందే ఖాతాలో డబ్బు కనబడుతుంది. అది ఇచ్చినట్టు కాదు, చూపించినట్టు. చెక్కు తిరిగొస్తే వెనక్కి లాక్కుంటారు. పటేల్‌గూడ నుంచి ఒకతను అట్లాంటి చెక్కు పట్టుకొచ్చాడు. ముఖం తెలియనివాడెవడో ఉద్యోగం ఇస్తానని పంపాడట. సగం తన ఖర్చుకు ఉంచుకుని, సగం ఇంకెవరికో పంపాలట. "నీకు ఉద్యోగమియ్యలే తమ్మీ, నిన్నే ఉద్యోగంల పెట్టుకున్నడు" అన్నాను. వారం రోజులు నామీద అలిగాడు. ఆ చెక్కు దొంగదని తేలాక స్వీటు డబ్బా పట్టుకొచ్చాడు. డబ్బా కూడా తెరిచి చూసే తీసుకున్నాను.

మార్తమ్మ

ఇప్పుడు అసలు సంగతి. ఇది నా రిటైర్మెంటుకు ఎనిమిది నెలల ముందు జరిగింది.

మార్తమ్మ ఇస్నాపూర్‌లో ఒక కిరాయి గదిలో ఉంటుంది. కాలితో తొక్కే కుట్టుమిషను మీద ఫ్యాక్టరీ కార్మికులకు చేతి తొడుగులు, ఏప్రాన్లు కుడుతుంది. ఆమె భర్త దావీదు ఒక విదేశీ ఓడల కంపెనీలో చాలా ఏళ్లు ఫిట్టర్‌గా చేశాడు. ఆయన పోయాక ఇంగ్లండులోని ఆ కంపెనీ పెన్షన్ ఆఫీసు మూడు నెలలకోసారి ఆమె పేర తొంభై పౌండ్ల చెక్కు పంపడం మొదలుపెట్టింది.

మొదటి చెక్కు మా బ్రాంచిలోనే వేసింది. గేట్లన్నీ దాటి డబ్బు వచ్చేసరికి మూడో వంతు పైనే మాయమైంది. పాస్‌బుక్కు నా ముందు పెట్టి అడిగింది.

"మల్లేశన్నా, గిది దావీదు పెన్షనా, బ్యాంకు పెన్షనా?"

"రెండు కలిపి చెల్లె."

"బ్యాంకు గూడ ఓడెక్కి పనిచేసిందా?"

పాస్‌బుక్కు మూసి ఆమె చేతిలో పెట్టాను. పెద్దమనిషి తరహాలో రెండు సలహాలు ఇచ్చాను. ఒకటి, ప్రతిసారీ తేవద్దు, మూడు చెక్కులు కూడబెట్టి ఒకేసారి వెయ్యి, కొరియర్ ఖర్చయినా ఒక్కసారితో పోతుంది. రెండు, ముక్కు కుట్టిన అనుభవం ఉంది కదా, గట్టిగా చెప్పాను. "మడవొద్దు, పిన్ను గుచ్చొద్దు, నీళ్ల సుక్క తగలనియ్యొద్దు. పానం లెక్క కాపాడు." అంతకుముందు మొదటి చెక్కు వేసిన రోజే, ఆమె తెచ్చిన కవరులోంచి చెక్కు మాత్రం తీసుకుని, దాంతో వచ్చిన ఇంగ్లీషు ఉత్తరాన్ని, "గీ కాయితం అక్కెర లేదు, ఇంటికి కొంటబో" అని తిరిగిచ్చాను.

ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి. మూడూ తప్పే.

ఒక సోమవారం ఆమె మూడు చెక్కులతో వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. పాశమైలారం కాంట్రాక్టరు ఒకడు మందపు కాన్వాసు తొడుగుల ఆర్డరు ఇస్తానన్నాడు. నెలనెలా వచ్చే పని. కానీ తొక్కుడు మిషను మూడు మడతల కాన్వాసును కుట్టలేదు, సూది విరుగుతుంది. ముత్తంగి దగ్గర ఒక చిన్న యూనిట్ మూతపడుతోంది, వాళ్ల దగ్గర కరెంటు మిషను అమ్మకానికుంది. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనని ఓనరు మాటిచ్చాడు. మిషను ఉంటేనే ఆర్డరు. ఆర్డరు పోతే మళ్లీ పాత తొడుగులే, జతకు ఇంత అని. మిషనుకు కావలసిన డబ్బంతా ఈ మూడు చెక్కుల్లోనే ఉంది.

సంచిలోంచి తీసి కౌంటర్ మీద పెట్టింది. టకమని చప్పుడైంది. చెక్కు అంత చప్పుడు చేయకూడదు.

కౌంటర్లో పిల్లవాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆంటీ, ఇవి ఆధార్ కార్డులా?"

మూడింటికీ లామినేషన్. మన దగ్గర ఏ విలువైన కాగితం చేతికొచ్చినా జనం పోయేది జిరాక్సు షాపుకే. రేషను కార్డు, పదో తరగతి మెమో, గేటు పాసు, అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగు వేయిస్తారు. ఆమె కూడా అదే చేసింది.

"నువ్వే గద అన్నా సెప్పింది, నీళ్లు తగలనియ్యొద్దని. ఒక్కోదానికి ఇరువై రూపాలు ఇచ్చి ఏయించిన. సన్నది వద్దు, మందంది ఏయమన్న" అంది. మెచ్చుకుంటాననుకుంది.

మేనేజర్ గదిలోంచి బయటికొచ్చారు. "ఏంటయ్యా మల్లేశం ఇది? చెక్కుకి లామినేషన్ ఏంటి? వెనకాల సంతకం ఎక్కడ పెడుతుంది, ప్లాస్టిక్ మీదా? పైగా ఇందులో మొదటిది చూడు, తేదీ వేసి ఆరు నెలలు దాటి వారమైంది. అది మామూలుగా ఉన్నా చెల్లదు."

మొదటి చెక్కుకు కాలం చెల్లింది నా మొదటి సలహా వల్ల. మూడింటికీ ప్లాస్టిక్ పడింది నా రెండో సలహా వల్ల. నేను బ్లేడు తీశాను, అంచు పట్టి ఊడదీద్దామని. మేనేజర్ బ్లేడు లాక్కున్నారు. ఆయన హయాంలో చేసిన మంచి పనుల్లో దాన్ని నేను మొదటిదిగా లెక్కపెడతాను. వేడిచేసి ఊడదీస్తే అచ్చు, సంతకం అన్నీ ప్లాస్టిక్‌తోనే పోతాయి.

మార్తమ్మ ఏడవలేదు. చెక్కులు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు సరిచేసింది. "అంటే ఇగ ఇవి పనికిరావా అన్నా?"

"పనికొస్తయి" అన్నాను. ఎట్లాగో నాకు తెలియదు. కానీ అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ మూడు కాగితాలు డబ్బయ్యేదాకా వదిలేది లేదని.

బొటనవేలి మీద సగం వాక్యం

మరునాడు సెలవు పెట్టి మార్తమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కి హైదరాబాదులోని మా విదేశీ డబ్బుల బ్రాంచికి పోయాను. అక్కడ ఒక మేడం. కళ్లద్దాల మీదుగా చూసే రకం. చెక్కులు చూసి నవ్వలేదు. అందుకే ఆమె మీద గౌరవం కలిగింది.

"ఇన్నాళ్లూ చెక్కు ఎందుకు తీసుకుంటున్నారు? నేరుగా ఖాతాలో వెయ్యమని ఎందుకు అడగలేదు?" అంది.

"అడగొచ్చా?" అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసు నోటి నుంచి వచ్చిన మాట అది.

"చెక్కుతో పాటు ఉత్తరం వస్తుంది కదా. అందులో ఏముంది?"

"అస్తదమ్మా, ప్రతిసారి అస్తది" అంది మార్తమ్మ. "మంచి దళసరి కాయితం."

"ఉందా మీ దగ్గర?"

"ఉంది గానీ..." అని సంచిలో చెయ్యి పెట్టింది. బయటికి తీసినవి తొడుగు నమూనాలు. గుడ్డ మీద పెట్టి గీసి కత్తిరించడానికి అట్టలాగా వాడేవి. అరచేయి ముక్క, నాలుగు వేళ్ల ముక్క, బొటనవేలి ముక్క. ఇంగ్లండు పెన్షన్ ఆఫీసు ఉత్తరాలన్నీ మనిషి చేతి ఆకారంలో ఉన్నాయి.

మేడం వాటిని బల్ల మీద జత చేయడం మొదలుపెట్టింది. అరచేయి ముక్క మీద సగం వాక్యం, బొటనవేలి మీద మిగతా సగం. వేలితో చూపిస్తూ తెలుగులో చదివింది. "పెన్షన్ మీ బ్యాంకు ఖాతాలోకి నేరుగా కావాలంటే... వెనకవైపు ఉన్న ఫారం నింపి పంపండి. దీనికి మా వైపు నుంచి చార్జీ ఏమీ లేదు."

వెనకవైపు తిప్పింది. ఫారం ఉంది. దాని మీద పెన్సిలుతో "ఎనిమిది ఇంచులు, మగోళ్ల సైజు" అని రాసి ఉంది.

"ఇది ఎన్నిసార్లు వచ్చింది?"

"చెక్కు ఒచ్చినన్ని సార్లమ్మా."

మార్తమ్మ నా వైపు చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అందుకే ఆ కాగితం బ్యాంకుకు తెచ్చింది. ఇంగ్లీషు వచ్చినవాళ్లమంతా కౌంటర్ల వెనక కూర్చుని, చెక్కు గుంజుకుని ఉత్తరం తిప్పి పంపాం. నేను పదాలు కూడబలుక్కుని చదవగలను. చదవలేదు. చెక్కు మన పని, ఉత్తరం మన పని కాదు అనుకున్నాను. నేను చేసిన తప్పుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. దబ్బనం పోటు ఒక్క చెక్కుకు తగిలింది. ఇది ఎందరికి తగిలిందో.

మేడం అక్కడికక్కడే ఉత్తరం టైపు చేయించింది. పాత చెక్కులు మూడూ రద్దు చేయండి, ఆ డబ్బు, ఇకముందు వచ్చేదీ ఈ ఖాతాలో వేయండి అని. ఖాతా పేరు పాస్‌బుక్కులో ఎట్లా ఉందో అక్షరం పొల్లు పోకుండా అట్లాగే రాయించింది. "మీ పటాన్‌చెరు బ్రాంచికి విదేశాల నుంచి డబ్బు అందుకునే కోడ్ లేదు. మా బ్రాంచిది రాయండి, కింద మీ బ్రాంచి పేరు, ఖాతా నెంబరు రాయండి. ఇది రాయకపోతే డబ్బు గాల్లో తిరుగుతుంది" అంది. పంపేటప్పుడు అయ్యే ఖర్చు పంపేవాళ్లే భరించాలని చివర ఒక వాక్యం చేర్చింది. "అడిగితే పోయేదేముంది?" అంది. ఈ మాట బ్యాంకు మనిషి నోట వినడం నాకు అదే మొదటిసారి.

పోస్టాఫీసు దగ్గర

ఒక చిక్కుంది. కొత్తగా డబ్బు వేయాలంటే పాత చెక్కులు వాళ్లకు తిప్పి పంపాలి.

పటాన్‌చెరు పోస్టాఫీసులో వరుసలో నిలబడ్డాం. మూడు చెక్కులకూ ముందే జిరాక్సులు తీసి పెట్టుకున్నాం. మా వంతు వచ్చే సమయానికి మార్తమ్మ కవరు గుండెకు హత్తుకుని పక్కకు జరిగింది.

"చేతిల ఉన్న చెక్కు ఎనుకకు పంపుడేందన్నా? ఆళ్లు తీస్కొని ఊకుంటే?"

"ఊకోరు చెల్లె."

"నీకెట్ల ఎర్క?"

"నాకెర్క లేదు. మేడంకు ఎర్క."

"కూడవెట్టుమన్నది నువ్వే. నీళ్లు తగలనియ్యొద్దన్నది నువ్వే. ఇప్పుడు పంపుమంటున్నది గూడ నువ్వే."

"అవును."

"గ్యారంటీ ఉంటవా?"

"ఉంట. నా పెన్షన్ రాసిస్త."

"నీ పెన్షన్ నాకేం జేసుకుంట? నాకు దావీదు పెన్షన్ గావాలె."

వెనకున్న కుర్రాడు "ఆంటీ, జెర జల్దీ" అన్నాడు. ఆమె వాడి వైపు ఒక చూపు చూసింది, వాడు రెండడుగులు వెనక్కి పోయాడు. అప్పుడు నేను ఒకటే మాట అన్నాను. "చెల్లె, మూడుసార్లు తప్పు చెప్పిన. గీసారి నేను చెప్తలేను. ఆళ్లే ఉత్తరంల రాసిండ్రు. నువ్వు కత్తిరించినవ్, నేను సదువలే. ఇద్దరం కలిసి గిప్పుడన్న ఆళ్ల మాట ఇందాం."

ఆమె తనే పోయి కవరు కౌంటర్ లోపలికి తోసింది. లోపలి గుమాస్తా దాన్ని వంచబోయాడు, వంగలేదు. "ఏమున్నయమ్మా ఇందుల, పలకలా?"

"మా ఆయన కష్టం" అంది మార్తమ్మ. "రసీదు ఇయ్యి."

ముత్తంగిలో కిరాయి

పన్నెండు రోజులు ఏ కబురూ లేదు. నేను రోజూ మేడంకు ఫోను చేశాను. నాలుగో రోజు నుంచి ఆమె హలో అనడం మానేసి "రాలేదు" అనడం మొదలుపెట్టింది. పదమూడో రోజు చెక్కులు అందాయని పెన్షన్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. డబ్బు ఎప్పుడో చెప్పలేదు. నెలాఖరుకు ఇంకా రెండు రోజులే ఉంది.

ఇద్దరం ముత్తంగి యూనిట్‌కు పోయాం, గడువు అడుగుదామని. ఓనరు తల అడ్డంగా ఊపాడు. "మాటంటే మాటే అమ్మా. నెలాఖరు దాకనే ఆగుతనన్న. షెడ్డు ఇంకో నెల నా చేతిల ఉంటది గానీ, మిషను అడిగేటోళ్లు మస్తు మంది ఉన్నరు."

నేను బతిమాలడానికి నోరు తెరిచాను. మార్తమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"సేటూ, మిషన్ ఈడనే ఉండనియ్యి. నేనే దినాం ఒచ్చి ఈడ కూసొని కుడ్త. రోజుకింత అని కిరాయి తీస్కో. పైసలు ఒచ్చినంక ధర కట్టి కొంటబోత. రాకుంటే నీ మిషన్ నీకే ఉంటది, కిరాయి మిగులుతది. నీకేం లాస్?"

ఓనరు లెక్క వేసుకున్నాడు. నష్టం కనబడలేదు. అమ్మకానికి పెట్టిన వస్తువును ఎట్లా కిరాయికి తీసుకోవచ్చో నాకు బ్యాంకులో ఎవ్వరూ నేర్పలేదు. నెలాఖరుకల్లా ఆమె ఆ షెడ్డులో మూడు మడతల కాన్వాసు మీద మొదటి లాటు తొడుగులు మొదలుపెట్టింది. పొద్దున ఇస్నాపూర్ నుంచి షేర్ ఆటోలో పోయేది, చీకటి పడేలోగా తిరిగొచ్చేది. పాశమైలారం కాంట్రాక్టరు వచ్చి ఒక జత చేతికి తొడిగి లాగి చూశాడు. కుట్టు ఊడలేదు. ఆర్డరు ఆమెదే అయింది.

డబ్బు ఆ తర్వాతి వారం వచ్చింది. మూడు చెక్కుల మొత్తం ఒకేసారి పడింది. నేను ముత్తంగికి ఫోను చేశాను. వెనకాల మిషను చప్పుడు.

"పడ్డయి చెల్లె."

మిషను ఆగింది. "ఎంత కోసిండ్రు?"

"ఇంగ్లండోళ్లు ఏం కొయ్యలే. మన దగ్గర చిన్న చార్జీ ఒకటి. మూడిట్ల కలిపి నీ లామినేషనుకయినంత గూడ కాలే."

"మళ్ల సదువు."

మళ్లీ చదివాను. అంకె అంకె విడివిడిగా చెప్పాను. "అయితే ఇగ మూడు నెల్లకోపారి నేను బ్యాంకుకు రావుడు బందేనా?" అంది.

"బందే."

"మంచిగయింది" అంది. మిషను మళ్లీ మొదలైంది.

నా తర్వాత వచ్చేవాళ్లకు

చెప్పాల్సింది చాలావరకు పైనే చెప్పేశాను. మిగిలింది ఇది. విదేశీ చెక్కు పట్టుకొచ్చిన మనిషిని ముందు ఒక్కటే అడగండి: "వాళ్లు నేరుగా ఖాతాలో వెయ్యరా?" దాంతో వచ్చిన కాగితం మొత్తం చదవండి, వెనకవైపు కూడా. వెయ్యరు అని తేలితేనే చెక్కు ముట్టుకోండి. అప్పుడు తేదీ చూడండి, కోత ఎంతో రాసివ్వండి. కూడబెట్టుకుంటానంటే ఆరు నెలల గడువు గుర్తుచేయండి. ఆ తర్వాత వచ్చిన మేనేజర్‌తో ఈ మాట అంటే, "అట్లా చెప్తే బ్రాంచికి కమిషన్ పోతుంది కదయ్యా" అన్నారు. పోతుంది సార్ అన్నాను. పోవాలి కూడా. ఇస్నాపూర్ గదిలోంచి వచ్చే కమిషన్‌తో నడిచే బ్రాంచి అయితే, అది నడవకపోయినా పరవాలేదు. అప్పటికి నాకింకా మూడు వారాల సర్వీసుంది. ఆ మూడు వారాలూ ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడారు. నేను బాగానే నిద్రపోయాను.

రిటైరయ్యాక ఒకసారి ఇస్నాపూర్ వైపు పనుండి పోతూ మార్తమ్మ గది దగ్గర ఆగాను. కరెంటు మిషను ఇప్పుడు అక్కడే ఉంది. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కాన్వాసు కత్తిరిస్తున్నారు. నమూనాలు కొత్తవి, రేకు ముక్కలతో చేయించినవి.

"కూసో అన్నా, ఈ జత అయిపోనియ్యి" అంది, తల ఎత్తకుండా.

ఆ జత అయింది, ఇంకోటి మొదలైంది. నేను ఉండబట్టలేక అడిగాను. "ఈ తాప పెన్షన్ పడ్డదా చెల్లె?"

"పడే ఉంటదన్నా. సూస్కోలే" అంది మార్తమ్మ. "రేపు లాటు ఇయ్యాలె."